ఎండ ఎన్ని స్టాపులు తగ్గింది? గ్రహణం వెలుగును కెమెరాతో కొలిచిన డైరీ

2023 అక్టోబర్ 14, శనివారం, శాన్ ఆంటోనియో

డాలస్ నుంచి నిన్న రాత్రే వచ్చేశాం. ఇవాళ ఇక్కడ కంకణ గ్రహణం. పొద్దున 10:23కి పట్టింది, 11:52 నుంచి 11:56 దాకా ఉంగరం, మధ్యాహ్నం 1:33కి విడిచింది. కళ్ళద్దాలు పెట్టుకుని చూడ్డం తృప్తిగా జరిగింది. ఎండ ఎంత తగ్గుతుందో కెమెరాతో కొలుద్దామనుకున్న పని మాత్రం దెబ్బతింది. ఎక్కడ దెబ్బతిందో ఇప్పుడే రాసుకోవాలి. ఎందుకంటే ఇంకో ఆరు నెలల్లో, ఏప్రిల్ 8న, ఇదే టెక్సస్ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వెళ్తోంది. ఆ రోజు రెండో ఛాన్సు ఉండదు.

నేను సూర్యుణ్ణి ఫొటో తీయడం లేదు. బల్ల మీద ఒక బూడిదరంగు కార్డు పరిచాను. ఫొటోగ్రాఫర్లు వాడేదే, మీద పడిన వెలుగులో 18 శాతాన్ని తిప్పి పంపుతుంది. ట్రైపాడ్ మీద కెమెరాను కిందికి వంచి, ఆ కార్డునే ముప్ఫై సెకన్లకోసారి తీయించాను. కార్డు మీద పడే వెలుగు తగ్గితే ఫొటో నల్లబడాలి. లెన్సు సూర్యుడి వైపు చూడదు కాబట్టి ఫిల్టరు అక్కర్లేదు.

హోటల్‌కి వచ్చి చూస్తే ఫొటోలన్నీ ఒకే బూడిదరంగు. కెమెరాను ఆటో ఎక్స్‌పోజర్‌లో వదిలేశాను! ఎండ తగ్గిన కొద్దీ అది షటర్‌ను ఎక్కువసేపు తెరిచి, ప్రతి ఫొటోనూ ఒకేలా చేసిపెట్టింది. దాని పని అది చేసింది.

రాత్రి పడుకోబోతూ తట్టింది. ఫొటో ఒకేలా ఉన్నా, ఎంతసేపు తెరిచిందో ఫైల్లో రాసే ఉంటుంది కదా. లేచి లాప్‌టాప్ తీసి షటర్ అంకెలు మాత్రం వరసగా పేర్చాను. గ్రహణం పట్టకముందు 1/320 సెకను. ఉంగరం వేళకి 1/25. విడిచాక 1/500. గ్రాఫు గీస్తే మెట్లుమెట్లుగా దిగి, మెట్లుమెట్లుగా ఎక్కింది. ఒక స్టాపు అంటే వెలుగు సగానికి తగ్గడం, లేదా రెట్టింపవడం. కెమెరా స్టాపులో మూడో వంతు చొప్పున మారుతుంది కాబట్టి అంతకన్నా సన్నటి కొలత రాదు. అయినా చేతికి ఏదో ఒకటి దొరికింది.

రెండు అనుమానాలు మిగిలాయి. విడిచాక వెలుగు మొదటికన్నా ఎక్కువ ఎందుకుంది? రెండోది: సూర్యబింబంలో సుమారు 90 శాతం మూసుకుంటే పదో వంతు వెలుగు మిగలాలి. ముందు, తర్వాత అంకెల నడుమ 1/400 వేసుకుని చూస్తే నాకు పదహారో వంతే మిగిలినట్టు కనిపిస్తోంది. ఆ మిగతాది ఎక్కడికి పోయింది?

నవంబర్ 5

మొదటి అనుమానం తీరింది. కార్డు నేలకు సమాంతరంగా పడుకుని ఉంది. గ్రహణం పట్టేసరికి సూర్యుడు 33 డిగ్రీల ఎత్తున ఉన్నాడు, విడిచేసరికి 52 డిగ్రీలకు చేరాడు. పొద్దున ఏటవాలు ఎండ, తర్వాత నిటారు ఎండ. పడుకున్న కార్డు మీద పడే వెలుగు సూర్యుడి ఎత్తు సైన్ విలువను బట్టి ఉంటుంది. ఆ విలువలు 0.55, 0.79. అంటే గ్రహణంతో సంబంధం లేకుండానే వెలుగు దాదాపు 1.4 రెట్లు పెరగాలి. పెరిగింది కూడా.

ఏప్రిల్ 8 సంగతి చూశాను. డాలస్‌లో 12:23కి పడుతుంది, 3:02కి విడుస్తుంది. ఆ రోజు సూర్యుడు నడినెత్తికి వచ్చేది దాదాపు ఒకటిన్నరకి. అంటే గ్రహణమంతా మిట్టమధ్యాహ్నానికి అటూ ఇటూనే. ఎత్తు వల్ల వచ్చే తేడా ఏడెనిమిది శాతం మించదు. ఇంతకన్నా అనువైన వేళ అడిగినా దొరకదు.

2024 జనవరి 21

నాన్న నల్గొండ నుంచి వచ్చి వారమైంది. సూట్‌కేసులో అమ్మ కట్టిపెట్టిన ఆవకాయ, కారప్పొడుల మధ్య, తువ్వాలలో చుట్టిన మూట ఒకటి. నేను ఫోన్లో అడిగినదే: ఆయన ప్రాక్టికా కెమెరా తాలూకు 50 ఎంఎం లెన్సు. ఆయన స్టూడియో మూసేసి చాలా ఏళ్ళయింది, లెన్సు మాత్రం అద్దంలా ఉంది.

అది ఎందుకంటే, నా డిజిటల్ లెన్సుతో ఒకే ఎండలో, ఒకే సెట్టింగుతో యాభై ఫొటోలు తీస్తే కార్డు వెలుగు విలువ రెండు మూడు శాతం ఊగుతోంది. మబ్బేమో అనుకుని ఇంకో రోజు తీసినా అంతే. క్లిక్‌మన్న ప్రతిసారీ లెన్సులోని రెక్కలు ఎఫ్ 8 దాకా మూసుకుని మళ్ళీ తెరుచుకుంటాయి. ఎఫ్ అంటే లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నది. ప్రతిసారీ వెంట్రుకవాసి తేడాతో ఆగుతాయి. అది మామూలు ఫొటోకి తెలియదు, కొలతకు తెలుస్తుంది.

నాన్న లెన్సును నా చేతిలోంచి తీసుకుని, పక్కనున్న చిన్న మీటను గోటితో 'ఎం' (మాన్యువల్) వైపు తోశారు. రింగును టక్ టక్‌మని తిప్పి 8 దగ్గర ఆపారు. "ఇగ కదల్దు చూడు" అన్నారు. లోపలికి తొంగి చూస్తే ఆరు రెక్కలూ అక్కడే నిలబడి ఉన్నాయి. అడాప్టర్ రింగుతో నా కెమెరాకు బిగించి మళ్ళీ యాభై తీశాను. ఊపు అర శాతం లోపుకి దిగింది.

రాత్రి అన్నాల దగ్గర 1980 మాట వచ్చింది. ఆ ఏడు ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం నల్గొండ మీదుగానే పోయింది. నాన్నకి అప్పుడు ఇరవై ఏళ్ళు, వేరే వాళ్ళ స్టూడియోలో పనికి ఉన్నారు.

"రంగాపూర్ అబ్జర్వేటరీ కాడ దేశదేశాల సైంటిస్టులు దిగిండ్రని పేపర్ల చదివినం. మా షావుకారి దుకాణం బందు పెట్టిండు. ఇంట్ల మీ నాయనమ్మ తలుపులు కిటికీలు పెట్టి, నీళ్ళ బిందెల మీద, పచ్చడి జాడీల మీద దర్భ ఏసి, ఒక్కర్ని బయటకి పోనియ్యలే. తలుపు సందుల కెల్లి ఎండ గీత నేల మీద పడేది. అది సన్నగ కాలే, మసక మసకైంది, పోయింది. కొంచెం సేపటికి మళ్ళ వచ్చింది. కెమెరా చేతుల్నే ఉండె బిడ్డా. ఓర్వో రీలు గూడ లోపట్నే ఉండె."

ఆయన ఈసారి జూన్ దాకా ఇక్కడే ఉంటారు.

ఫిబ్రవరి 11

కొలత మీద నమ్మకం కుదరాలంటే ముందు కెమెరా నిజం చెబుతోందా లేదా చూడాలి. జేపెగ్ పనికిరాదు. కంటికి ఇంపుగా ఉండేలా కెమెరా దాన్ని వంచి పెడుతుంది. రా ఫైల్ (సెన్సరు చదివిన అంకెలు మార్చకుండా ఉంచేది) అయితే వెలుగు రెట్టింపైతే అంకె కూడా రెట్టింపవుతుంది. కాకపోతే సున్నా దగ్గర మొదలవదు. లెన్సుకు మూత పెట్టి తీసినా నా కెమెరా 2048 చూపిస్తుంది. అదే దాని నలుపు. ప్రతి విలువలోంచీ ముందు అది తీసేయాలి.

రెట్టింపు పరీక్షకి హాల్లో ఎల్‌ఈడీ దీపం కింద కూర్చున్నాను. అంకెలు పిచ్చిగా ఎగిరాయి. కరెంటుతో పాటు దీపం సెకనుకు 120 సార్లు మినుకుతుంది, కంటికి తెలియదు. 1/1000 షటర్‌కి ఒకసారి వెలుగు దొరుకుతుంది, ఒకసారి మసక దొరుకుతుంది. గంట పోయాక గానీ ఇది తట్టలేదు. మబ్బు లేని మధ్యాహ్నం పెరట్లోకి మారాను.

ఇంకో సంగతి. డయల్ మీద 1/30 అని ఉన్నది నిజానికి 1/32, 1/1000 అన్నది 1/1024. ప్రతి మెట్టూ సరిగ్గా రెట్టింపు కావాలి కాబట్టి లోపల అలా ఉంటుంది, పైన రౌండ్ చేసి రాస్తారు. లెక్కలో రాసిన అంకెలు వేసుకుంటే రెండు షటర్ల మధ్య ఆరేడు శాతం తప్పు వస్తోంది. నిజమైనవి వేస్తే రెండు షటర్ల గీతలూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

మార్చి 23

రిహార్సల్. ప్లాను ఇది: ఐఎస్ఓ (సెన్సరు సున్నితత్వం) 100, ఎఫ్ 8, ఏదీ కదలదు. లాప్‌టాప్ నుంచి, కెమెరాను నడిపే జీఫోటో2 ప్రోగ్రాంతో, పది సెకన్లకోసారి మూడు ఫొటోలు, 1/1000, 1/30, 1 సెకను. పూర్తి ఎండలో మొదటిది పనికొస్తుంది, మిగతా రెండూ తెల్లగా కాలిపోతాయి. ఎండ తగ్గాక రెండోది, సంపూర్ణంలో మూడోది. పూర్తి ఎండకీ సంపూర్ణ గ్రహణానికీ వెలుగులో వేల రెట్ల తేడా. ఒక్క షటర్‌తో రెండు కొసలూ అందవు. పక్కపక్క షటర్లు రెండూ సరిగ్గా చదివే వేళ కొంత ఉంటుంది కాబట్టి ఒకదాన్ని ఇంకోదాంతో సరిచూసుకోవచ్చు.

పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. కార్డు మధ్యలో 400 బై 400 చుక్కల గడి, అందులో ఆకుపచ్చవి మాత్రం తీసుకుని సగటు. ఇవాళ్టి ఎండకి 1/1000 దగ్గర, నలుపు తీసేశాక, 800 వచ్చింది.

నాన్న పెరట్లో కుర్చీ వేసుకుని చూస్తూ, "గీ ఎండకి సిక్స్‌టీన్, వన్ ట్వంటీ ఫైవ్" అన్నారు. అంటే ఎఫ్ 16, షటర్ 1/125. మీటరు లేకుండా వేల ఫొటోలు తీసిన మనిషి. నా లెక్క సరిగ్గా అంతే చెబుతోంది. అప్పుడు అనుకున్నాను, గ్రహణం రోజు కెమెరాతో పాటు నాన్న కంటిని కూడా రాసుకోవాలని. అప్పుడప్పుడూ అడుగుతా, ఆయన షటర్ 125కి ఎఫ్ ఎంతో చెప్తారు, మా బాబు నోట్‌బుక్‌లో టైముతో రాస్తాడు. 16, 11, 8, 5.6, 4: ఈ వరసలో ఒక్కో మెట్టు దిగితే వెలుగు ఒక స్టాపు తగ్గినట్టు. నా అంకెలు ఆయనకు చూపించను.

ఏప్రిల్ 8, సోమవారం, ఎన్నిస్

చీకటితోనే బయల్దేరి 45 హైవే మీద డాలస్‌కు దక్షిణంగా వచ్చాం. సంపూర్ణ మార్గం నడిమి గీతకు ఎన్నిస్ బాగా దగ్గర. ఇక్కడ సంపూర్ణం 4 నిమిషాల 20 సెకన్ల పైమాటే, డాలస్ నడిబొడ్డులో కన్నా అర నిమిషం ఎక్కువ. రోడ్డు పక్కన బ్లూబోనెట్ పూలు నేలంతా నీలంగా పరుచుకుని ఉన్నాయి. ఊరి అంచున పార్కింగుకి డబ్బు కట్టి ఒక మైదానంలో దిగాం. పొద్దున్నంతా మబ్బు. మా ఆయన పదిసార్లు ఫోన్లో ఉపగ్రహ చిత్రం చూశారు. నేను చూడలేదు, చూస్తే చేతులాడవు.

పదకొండున్నరకల్లా బల్ల, కార్డు, కెమెరా, లాప్‌టాప్ సిద్ధం. కెమెరా గడియారానికి ఫోన్ టైము ఫొటో తీసి పెట్టాను. మబ్బులు విడుతూ, కమ్ముతూ ఉన్నాయి.

పట్టాక అరగంట కూడా కాలేదు, లాప్‌టాప్ నిద్రపోయింది. ఛార్జర్ లేకుండా ఇంతసేపు నడపడం రిహార్సల్లో చేయలేదు. ఎనిమిది తొమ్మిది నిమిషాలు పోయాయి. గుండె ఆగినంత పనైంది. సెట్టింగ్ మార్చి మళ్ళీ మొదలుపెట్టాను.

సగం సూర్యుడు మూసుకున్నప్పుడు నాన్నను మొదటిసారి అడిగాను. చుట్టూ చూసి, తన అరచేతిని చూసుకుని, "ఏం తేడా లేదు, సిక్స్‌టీనే" అన్నారు. నా స్క్రీన్ మీద వెలుగు సగానికి పడి ఉంది.

సంపూర్ణానికి పది నిమిషాల ముందు: "ఎలెవన్." కెమెరా 5.6 అంటోంది. చలిగాలి మొదలైంది. నాన్న చేతిని ముందుకు చాపి బాబును పిలిచారు. చేతి మీది వెంట్రుకల నీడ బల్ల మీద ఒక్కొక్కటీ విడివిడిగా, సూదితో గీసినట్టు పడుతోంది. సూర్యుడు సన్నటి గీత అయిపోయాడు కాబట్టి ఒక దిశలో నీడల అంచులు చెరగడం లేదు. చేయి తిప్పితే మళ్ళీ మసకబారుతున్నాయి. స్టూడియోలో దీపం చుట్టూ డబ్బా పెట్టి వెలుగును సన్నం చేస్తే ముఖం మీద నీడ ఇలాగే కోసుకొస్తుందని ఆయన చెబుతున్నారు.

అయిదు నిమిషాల ముందు: "ఎయిట్." రెండు నిమిషాల ముందు: "ఫోర్… కాదు, ఇంక జెప్పలేను."

అప్పుడు మైదానం చివర స్తంభం మీద దీపం వెలిగింది. చీకటి పడితే తనంతట తానే వెలిగే రకం. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. సంపూర్ణంలో కార్డు మీద పడేదే నాలుగైదు లక్స్‌ల (లక్స్ అంటే వెలుగు కొలత) వెలుగు, దీపం అంతకన్నా ఎక్కువ పోయగలదు. నేను అరిచేలోపే నాన్న కారు ముందద్దానికి పెట్టే వెండిరంగు అట్టను పట్టుకెళ్ళి, దీపానికీ బల్లకీ మధ్య నిలబెట్టి పట్టుకున్నారు.

నల్లటి బింబం. చుట్టూ సూర్యుడి బయటి పొర, తెల్లటి కరోనా. అడుగు అంచున గులాబీ రంగు నిప్పుకణిక ఒకటి, అద్దాలు తీసేశాక కంటికే కనిపించింది. కింద శుక్రుడు, పైన బృహస్పతి. దిగంతం చుట్టూ అన్ని దిక్కులా సంధ్య. మైదానమంతా కేకలు వేస్తోంది. కెమెరా మాత్రం కార్డును చూస్తూ టిక్ టిక్‌మంటూనే ఉంది. నాన్న అట్టను రెండు చేతులా పట్టుకుని, తల పూర్తిగా వెనక్కి వాల్చి, నాలుగు నిమిషాలూ అలాగే నిలబడ్డారు. వెలుగు మళ్ళీ పుట్టాక కూడా అట్ట దించలేదు. నేనే వెళ్ళి తీసుకున్నాను.

ఏప్రిల్ 14

అంకెలు బయటికి తీశాను. పూర్తి ఎండ 1/1000కి 800. సంపూర్ణం నడుమ 1 సెకనుకి 35. షటర్ తేడా 1024 రెట్లు కలిపితే, వెలుగు సుమారు 23 వేలో వంతుకు పడింది. స్టాపుల్లో పద్నాలుగున్నర. అట్ట అడ్డం పెట్టినందుకు దిగంతపు వెలుగు కొంచెం పోయి ఉంటుంది, దీపం వెలుగు కొంచెం చేరి ఉంటుంది. అందుకే పద్నాలుగున్నర మీద నేను మరీ పట్టుబట్టను, పద్నాలుగు దాటిందన్నది మాత్రం ఖాయం. ముప్ఫై అయిదంటే చాలా చిన్న అంకె. నలుపును 2048 బదులు 2047 అనుకుంటే ఫలితం మూడు శాతం మారుతుంది. అందుకని ఆ రోజే మైదానంలో మూత పెట్టి తీసిన ఇరవై నల్ల ఫొటోల సగటునే వాడాను.

ఈ పద్నాలుగున్నర స్టాపులు ఎలా పంచుకున్నాయో చూస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది. పట్టినప్పటి నుంచి అరవై ఏడు నిమిషాల్లో తగ్గింది మూడు స్టాపులు. చివరి పది నిమిషాల్లో పదకొండు పైన. ఒక నిమిషం ముందు దాదాపు ఎనిమిదికి చేరింది. అంటే మిగతా ఆరున్నర ఆ చివరి నిమిషంలోనే. పది సెకన్లకోసారి తీయడం ఇక్కడ చాల్లేదు. రెండు చుక్కల మధ్యే రెండు స్టాపులు జారిపోయాయి. ఈసారి చివరి రెండు నిమిషాలకి విరామం లేకుండా తీయాలి.

పల్చటి మబ్బుల వల్ల మొదటి గంటలో చుక్కలు స్టాపులో మూడో వంతు దాకా చెదిరాయి. దాన్ని నునుపు చేయలేదు, అలాగే ఉంచాను.

ఏప్రిల్ 20

అక్టోబర్ నుంచి వేధిస్తున్న రెండో అనుమానం తీరింది. చంద్రుడు కప్పిన వైశాల్యాన్ని బట్టి వెలుగు ఎంత మిగలాలో లెక్కగట్టి, కొలిచిన గీత మీద వేశాను. మూడు వంతులు మూసుకునే దాకా రెండూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ తర్వాత కొలిచినది కిందికి జారుతూ పోయింది. ఒక నిమిషం ముందు వైశాల్యం ప్రకారం 0.9 శాతం మిగలాలి. కెమెరా అందులో సగమే చూపించింది.

సూర్యబింబం అంతా ఒకే వెలుగుతో ఉండదు. నడిమి భాగాన్ని చూస్తే మన చూపు లోపలి వేడి పొరల దాకా దిగుతుంది. అంచున ఏటవాలుగా వెళ్ళి పైనున్న చల్లటి పొరల దగ్గరే ఆగిపోతుంది. అందుకే అంచు వెలుగు నడిమి వెలుగులో సగం కన్నా తక్కువ. గ్రహణం చివర్లో మిగిలేది అంచే. శాన్ ఆంటోనియోలో ఉంగరం మొత్తం అంచే! పదో వంతు రావాల్సింది పదహారో వంతే వచ్చింది అందుకు. అంచు మసకను లెక్కలో చేర్చగానే రెండు గ్రహణాల గీతలూ సర్దుకున్నాయి. నూట యాభై మిలియన్ కిలోమీటర్ల అవతలి మంట అంచు మసకగా ఉందని బల్ల మీది బూడిద కార్డు చెప్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మే 4

నాన్న కంటి రీడింగులు కూడా అదే గ్రాఫు మీద ఎర్ర చుక్కలుగా పెట్టాను. మొదటి చుక్క కెమెరాకి ఒక స్టాపు పైన. పది నిమిషాల ముందు రెండు స్టాపులు పైన. ఆఖర్న రెండూ పావు. కెమెరా దిగిపోతుంటే కన్ను వెనకాలే, నిదానంగా దిగింది. ఇన్నేళ్ళ అనుభవం ఉన్న కన్ను అది. మామూలు ఎండలో కెమెరాతో సరిసమానంగా చెప్పిన కన్ను.

ప్రింటు తీసి ఇచ్చాను. నాన్న చాలాసేపు ఎర్ర చుక్కల మీద వేలు పెట్టి చూశారు. "కన్ను అలవాటు పడ్తది బిడ్డా. డార్క్ రూముల గంతే. పోంగనే ఏం కనబడది, పది నిమిషాలైతే అన్నీ కనబడ్తయి. కన్ను మీటరు కాదు." తర్వాత కాసేపటికి, "గా తలుపు సందుల మసక గూడ నేననుకున్న దానికంటె ఇంక మస్తు తక్కువుండె అన్నట్టు" అన్నారు.

జూన్ 16

నాన్న రేపు బయల్దేరుతున్నారు. లెన్సు మళ్ళీ తువ్వాలలోకి వెళ్ళింది, ఈసారి బూడిద కార్డుతో పాటు. 2027 ఆగస్టు 2న మళ్ళీ గ్రహణం. ఈజిప్టులో లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైగా సంపూర్ణం, మన దగ్గర సాయంత్రం పూట పాక్షికం. నల్గొండ డాబా మీద ఇదే కార్డుతో కొలవాలని ఇద్దరం అనుకున్నాం. సూర్యుడు పడమట కిందికి దిగి ఉంటాడు కాబట్టి కార్డు పడుకోబెడితే కుదరదు, సూర్యుడికి ఎదురుగా ఏటవాలుగా నిలబెట్టే స్టాండు చేయాలి. వానాకాలం, మబ్బు సంగతి ఎలాగూ ఉంది. డాబాకు పడమట నీళ్ళ ట్యాంకు నీడ ఎక్కడి దాకా వస్తుందో ఈ ఆగస్టు 2 సాయంత్రమే సున్నంతో గీత గీసి పెడతానని నాన్న మాటిచ్చారు.